గ్లెనిస్ దిగిన పదకొండు మెట్లు

గ్లెనిస్ ఎంట్విసిల్ కాళ్ళు భేషుగ్గా ఉన్నాయట. నాలుగేళ్ళుగా నడవలేనివాళ్ళకిచ్చే ఆ ఎర్ర బ్యాటరీ స్కూటర్ మీద కూర్చుని ఊరందరి చెవుల్లో పూలు పెడుతోందట. సెలవులకని స్పెయిన్‌లో బెనిడార్మ్ వెళ్ళే విమానంలో గుట్టు బయటపడిందట, అందరి కళ్ళ ముందూ లేచి టకటకా నడిచిందట. చిప్స్ కొట్టు వరసలో ఇదే మాట, బింగో హాల్లో ఇదే మాట, చెత్త డబ్బాలు బయట పెట్టే బుధవారం పొద్దున కూడా ఇదే మాట. పుట్టించింది పదిహేడో నంబరు ఇంటి షీలా. మోసింది వీధి మొత్తం.

ఆ విమానంలో గ్లెనిస్ పక్క సీట్లో కూర్చున్నది షీలా కాదు, నేను. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఇది మన వీధి సంఘం కాగితంలో వేస్తారో, పోస్టాఫీసు గోడకి అంటిస్తారో మీ ఇష్టం.

ముందే ఒప్పుకుంటాను, నడిచింది నిజం. ఎన్ని అడుగులో కూడా నాకు తెలుసు. ఎందుకు నడిచిందో తెలియాలంటే మాత్రం మీకు గ్లెనిస్ తెలియాలి. ఇరవై ఏళ్ళుగా చూస్తూ కూడా మీలో సగం మందికి ఆవిడ తెలియదు.

గ్లెనిస్ ఇరవయ్యారేళ్ళు ఎనిమిదో నంబరు బస్సు నడిపింది. మిల్లు గేటు, మార్కెట్టు, ఆసుపత్రి, సమాధుల తోట, మళ్ళీ వెనక్కి. డిపోలో చేరిన మొదటి రోజున మగ డ్రైవర్లు సీటు మీద రెండు దిళ్ళు వేసి, "స్టీరింగ్ అందుతుందా బంగారం?" అని ఇకిలించారట. "నాకు స్టీరింగ్ అందుతుంది. నీకు తలుపు అందుతుందా? అయితే దిగు" అందట గ్లెనిస్. ఆ రోజు నుంచీ ఆవిడ బస్సు ఒక్క నిమిషం ఆలస్యంగా వచ్చిందని ఎవరూ అనలేదు. ముందే వచ్చేసిందని మాత్రం చాలామంది తిట్టుకున్నారు.

కుదురు లేని మనిషి. టీ నిలబడి తాగేది. చర్చిలో పాట రెండో చరణానికి వచ్చేసరికి తాళం చెవులు చేతిలోకి తీసుకునేది. "మా ఆవిడ నిద్రలో కూడా గేర్లు మారుస్తుంది. నా మోకాలు చూడండి" అని చూపించేవాడు పాపం ఆల్బర్ట్, బతికున్నన్నాళ్ళూ.

అలాంటి మనిషికి నరాల జబ్బు వచ్చి కాళ్ళు పడిపోయాయి. పూర్తిగా కాదు, అదే తంటా. పూర్తిగా పడిపోతే జనానికి అర్థమవుతుంది. ఈ జబ్బు మంచి రోజున పది అడుగులు వేయనిస్తుంది, ఆ తర్వాత మూడు రోజులు మంచం మీద పడేస్తుంది. ఆ సంగతి గ్లెనిస్ ఎప్పుడూ దాచలేదు. కొట్టు ముందు స్కూటర్ ఆపి, లేచి, తలుపు పట్టుకుని రెండు అడుగులు వేసి పాలు తీసుకునేది. నేను చూశాను, మీరూ చూశారు. అప్పుడెవరికీ అనుమానం రాలేదే!

స్కూటర్ వచ్చాక మళ్ళీ మొదలెట్టింది. వానైనా మంచైనా పొద్దున్నే ఏడింటికి వానకోటు లాంటి కేప్ కప్పుకుని ఎనిమిదో నంబరు దారి పట్టేది. ప్రతి బస్టాపు దగ్గరా ఒక్క క్షణం ఆగడం, అద్దంలో చూసుకోవడం, మళ్ళీ పోవడం. ఇప్పటి డ్రైవర్లు ఆవిణ్ణి చూసి హారన్ కొట్టేవాళ్ళు. ఆవిడా కొట్టేది. నా కిటికీ రోడ్డు మీదకే కాబట్టి ఇవన్నీ నాకు తెలుసు. కిటికీ ఉన్నది చూడ్డానికేగా.

ఇక డిపో అలవాటు ఒకటి చెప్పాలి, కథంతా దాని మీదే ఉంది. ఆ డిపోలో ఎప్పుడో ఒక డ్రైవరు బ్రేకు వేయకుండా టీకి దిగాడట. బస్సు తనంతట తాను గుట్ట దిగి రొట్టెల కొట్టులో దూరిందట. అప్పటి నుంచీ కొత్తవాళ్ళకి మొదటి వారమంతా ఒకటే పాఠం: బ్రేకు వెయ్యి, తాళం తియ్యి, జేబులో పెట్టుకో, అప్పుడు సీటు వదులు. గ్లెనిస్‌కి ఇది ఎముకల్లోకి ఎక్కింది. స్కూటర్ దిగినా చెయ్యి దానంతట అదే వెనక్కి పోతుంది.

వెనక్కి ఎందుకంటే, ఆ స్కూటర్‌కి సీటు వెనకాల కింద పసుపు రంగు లివర్ ఒకటుంది. అది కిందికి ఉంటే చక్రాలు మోటారుని పట్టుకుని ఉంటాయి, బ్యాటరీ తీసేశాక ఏనుగు తోసినా కదలదు. పైకి ఎత్తితే చక్రాలు వదులు, వేలితో తోసినా పోతుంది. గ్లెనిస్ దృష్టిలో కిందికి ఉంటే బ్రేకు వేసినట్టు.

పోయిన అక్టోబరులో మన వీధి వాళ్ళం పధ్నాలుగు మందిమి ఎప్పటిలాగే బెనిడార్మ్ బయల్దేరాం. అక్కడ ప్రతి మూలా స్కూటర్లు అద్దెకిస్తారు. అయినా గ్లెనిస్ తన బండే తెస్తానంది. అంతకు ముందు ఏడు బండి ఇంట్లో వదిలి వచ్చింది లెండి. విమానాశ్రయంలో ఆవిణ్ణి చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, మంటలార్పే ఎర్ర డబ్బా ఉన్న గోడకి ఎదురుగా నిలబెట్టి రెండు గంటలు వెళ్ళిపోయారు. వేలు కూడా కదపకుండా కూర్చునే మనిషికైతే పరవాలేదు. గ్లెనిస్ ఆ డబ్బా మీద రాసినదంతా కంఠస్థం చేసింది. ఇప్పటికీ అప్పజెబుతుంది.

అందుకని ఈసారి రెండు వారాల ముందు నుంచీ విమానంవాళ్ళకి ఫోన్లు. ఫోన్లో ఒకమ్మాయి పొడవెంత, ఎత్తెంత, బరువెంత అని అడుగుతుంటే నేను కొలత టేపు పట్టుకుని నేల మీద పాకుతున్నాను.

"బ్యాటరీ ఏ రకమండీ?" అంది ఆ అమ్మాయి.

గ్లెనిస్ దాని మీద ఉన్నదంతా చదివింది. "రెండు వందల ఎనభై ఎనిమిది వాట్ అవర్లు. మూడు వందల లోపేగా? ఊడదీసి నా చేతిలోనే తెస్తాను, కొసలకి టేపు వేసి. అంతేగా?"

"అంతేనండీ. మీరు అసలు నడవగలరా?"

"మంచి రోజైతే పది అడుగులు. చెడ్డ రోజైతే నోరు ఒక్కటే నడుస్తుంది."

ఆ పది అడుగులు కూడా ఆ అమ్మాయి రాసుకుంది. మరి దాచిందెక్కడ?

విమానాశ్రయంలో స్కూటర్ మీద ఊడే వస్తువులన్నీ ఊడదీయాలి, లేకపోతే దారిలో పోతాయి. బుట్ట, కర్ర పెట్టుకునే గొట్టం, కప్పు పెట్టుకునే రింగు, అద్దం, హారను, నారింజ రంగు జెండా. బుట్ట నా చేతిలోకి, మిగతావన్నీ ఆ బుట్టలోకి. తనిఖీ చేసే చోట హారను ట్రేలో పడి ఎవరూ ముట్టుకోకుండానే బేర్‌మని అరిచింది. వరసంతా ఉలిక్కిపడింది.

"ఈ మేక ఎవరిది?" అన్నాడు తనిఖీ ఆయన.

"నాదే. మేత వేళ అయింది, త్వరగా కానీ" అంది గ్లెనిస్. ఆయన బ్యాటరీ మీద అంకె చూశాడు, ఒప్పుకున్న కాగితం చూశాడు, నవ్వి పంపేశాడు.

విమానం ఎక్కే గేటు దగ్గర బండి ఇక్కడే ఇచ్చేయండి, కుర్చీ వస్తుంది అన్నారు. గ్లెనిస్ కాగితం చూపించి విమానం పక్కదాకా తనే నడుపుకుంటూ వచ్చింది. ఆ నేల మీద, అంత పెద్ద రెక్క కింద, వానలో, ఎర్ర స్కూటర్ మీద వస్తుంటే బస్సు నడిపేటప్పటి ముఖం కనిపించింది నాకు. లోపల వరసలో ఉన్న షీలా అది చూడలేదు కాబోలు.

మనిషిని పైకెత్తే లారీ దగ్గర దిగింది. బ్యాటరీ తీసి నీలం సంచీలో పెట్టుకుంది. వాన ఎక్కువవుతోందని కేప్ తీసి స్కూటర్ మీద కప్పి చుట్టూ టేపు చుట్టింది. పాపం హ్యాండిల్ మీద తనే ఒక అట్ట కట్టింది, లివర్ పైకెత్తి తోయండి అని పెద్ద అక్షరాలతో. ఆ అట్టా కేప్ కిందికే పోయింది, లివరూ కేప్ కిందికే పోయింది. టేపు చుట్టే ముందు ఆవిడ చెయ్యి వెనక్కి వెళ్ళడం నేను చూశాను. లివర్ ఎత్తుతోందనుకున్నాను. దిగగానే ఎత్తేసిందట, ఎత్తి ఉన్నదాన్ని కిందికి దించింది. ఇరవయ్యారేళ్ళ చెయ్యి అది, దానికి విమానమని తెలియదు.

లారీ మమ్మల్ని పైకెత్తింది, సీట్ల మధ్య పట్టే సన్న కుర్చీలో ఆవిణ్ణి ఆరో వరసకి తెచ్చారు. కిటికీ దగ్గర గ్లెనిస్, పక్కన నేను, నా ఒళ్ళో బుట్ట, బుట్టలో జెండా, అద్దం, మేక. తర్వాత మిగతా వాళ్ళు మెట్లెక్కి వచ్చారు. షీలా ఎనిమిదో వరసలో, నడవా పక్కన, రెండోవైపు. ఈ వివరం గుర్తుపెట్టుకోండి. ఆవిడ కూర్చున్న చోట నుంచి మా కిటికీ కనపడదు.

గ్లెనిస్ ముక్కు కిటికీకి ఆనించి కూర్చుంది. "తీసుకెళ్ళరేం? పెట్టెలన్నీ ఎక్కించేశారు. నా బండి ఒక్కటే ఉంది."

"ఎక్కిస్తార్లే. మింటు తిను."

"తోస్తున్నారు. కదలట్లేదు." ఆవిడ వేళ్ళు కిటికీ అంచు మీద టపటపా కొట్టుకుంటున్నాయి. "ఆ పొడుగువాడు చక్రాన్ని తన్నుతున్నాడు చూడు, బడుద్ధాయి."

నేను మెడ సాచి చూశాను. ఇద్దరు మనుషులు ముందు నుంచి లాగారు, వెనక నుంచి తోశారు. ఎత్తబోయి నడుం పట్టుకున్నారు. మూడో అతను వచ్చి గడియారం చూసుకున్నాడు, తల అడ్డంగా ఊపాడు. పెట్టెలు ఎక్కించే పట్టా బండి వెనక్కి వెళ్ళిపోయింది. వానలో స్కూటర్ ఒక్కటీ మిగిలింది, కేప్ కప్పుకుని, తప్పిపోయిన ముసలిదానిలా.

"లే డోరీన్" అంది గ్లెనిస్.

బాత్రూమేమో అనుకుని లేచాను. బుట్టతో సహా లేచి నడవాలో నిలబడ్డాను. ఆవిడ నన్ను దాటుకుని, సీట్ల వీపులు పట్టుకుంటూ పోయింది. ఎయిర్ హోస్టెస్ ఎదురొచ్చి, "మేడమ్, కూర్చోండి, తలుపు వేసేస్తున్నాం" అంది.

"నా బండి బ్రేకు మీద ఉంది" అంది గ్లెనిస్, అదే సమాధానమన్నట్టు. దాటేసింది.

నేను మళ్ళీ కూలబడి కిటికీ పట్టుకున్నాను. పదకొండు మెట్లు. రెయిలింగు రెండు చేతులా పట్టుకుని, ఒక్కో మెట్టుకీ రెండు కాళ్ళూ ఆనించి దిగింది. నేల మీద ఎనిమిది అడుగులు. టేపు చింపింది, కేప్ లాగేసింది, లివర్ ఎత్తింది. ఆ పొడుగువాడి ముందే ఒక్క వేలితో బండిని తోసి చూపించింది. ఏమందో అద్దంలోంచి వినపడలేదు గానీ వాడు తల దించుకున్నాడు.

అప్పుడు మోకాళ్ళు పోయాయి. తడిసిన కాగితం మడత పడ్డట్టు ముడుచుకుపోయింది మనిషి. పడకుండా స్కూటర్ పట్టుకుంది. స్కూటర్ ఊరుకుంటుందా? లివర్ ఎత్తి ఉంది కదా, జర్రున ముందుకి పోయింది ఆవిణ్ణి ఈడ్చుకుంటూ. చక్రాన్ని తన్నిన ఆ పొడుగువాడే పరిగెత్తి పట్టుకున్నాడు.

బండి ఎక్కింది. గ్లెనిస్‌ని మళ్ళీ లారీ మీద ఎత్తి, సన్న కుర్చీలో తెచ్చి కూర్చోబెట్టారు. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. వెనక వరసలోంచి షీలా గొంతు వినపడింది.

"పోయేటప్పుడు పరుగు, వచ్చేటప్పుడు పల్లకీ!"

షీలా చూసిందంతా అదే. నడవాలో ఒక వీపు వెళ్ళడం, ఒక కుర్చీ రావడం.

బెనిడార్మ్‌లో మూడు రోజులు గ్లెనిస్ పక్క దిగలేదు. సూపు చెంచాతో నేనే పట్టాను, మిగతా పనులూ నేనే చేశాను, అవి రాయను. మంచం మీద కూడా వేళ్ళు మాత్రం ఆగలేదు, దుప్పటి మీద టపటపా. "సముద్రం ఎటువైపుంది?" "ఎడమవైపు." "ఆటుపోట్లు ఎప్పుడు?" "నాకేం తెలుసు, పడుకో." నాలుగో రోజు తెల్లవారగానే లేచి చూస్తే మంచం ఖాళీ. సముద్రం ఒడ్డున ఆ కొస నుంచి ఈ కొసకి అప్పటికే రెండు సార్లు తిరిగిందట, జెండా కట్టుకుని.

ఇంటికొచ్చిన పది రోజులకి సర్కారు ఆఫీసు నుంచి గోధుమ రంగు కవరొచ్చింది. మీరు సాయం లేకుండా నడిచారని మాకు తెలిసింది, మూడు వారాల్లో మనిషిని పంపుతాం, స్కూటర్ మీకు ఇకపై అవసరమో కాదో తేలుస్తాం అని. ఆ స్కూటర్ ఆవిడది కాదు కదా, నడవలేనివాళ్ళకి సాయం చేసే ఆ ఆఫీసువాళ్ళు ఇచ్చింది. తేల్చేస్తే పట్టుకుపోతారు.

నేను చెప్పులేసుకుని నేరుగా పదిహేడో నంబరుకి వెళ్ళాను.

"షీలా, ఆఫీసుకి ఉత్తరం నువ్వు రాశావా?"

"నాకేం పని? నేను చూసింది నలుగురికి చెప్పాను. కళ్ళుండటం నేరమా డోరీన్?"

"మూడు రోజులు మంచం మీద ఉంది. అదెందుకు చూడలేదు?"

"సెలవుల్లో అందరూ మంచం మీదే ఉంటారు" అని తలుపేసుకుంది.

రాసింది షీలా అని నేననను. చేతిరాత చూడందే ఎవర్నీ ఏమీ అనను.

ఆ మూడు వారాలు గ్లెనిస్ పొద్దున్నే ఎనిమిదో నంబరు దారి పట్టింది గానీ స్కూటర్ మీంచి లేవలేదు. కొట్టు ముందు ఆగి హారన్ కొట్టి, ఎవరైనా పాలు తెచ్చిచ్చేదాకా కూర్చునేది. పోస్టు పెట్టెలో ఉత్తరం వేయాలన్నా నన్ను పిలిచేది. లేచిన కాళ్ళు ఎవరి కంట పడతాయోనని. ఇరవయ్యారేళ్ళు ఊరంతటినీ మోసిన మనిషి కదండీ. మొన్నటిదాకా పలకరించినవాళ్ళు పక్కకి తిరిగిపోతుంటే అద్దంలోంచి చూస్తూ ఉండేది.

నాకు మాత్రం ఒకటే సందేహం. నా రెండు కాళ్ళూ బంగారంలా ఉన్నాయి. పక్కనే కూర్చున్నాను. లివర్ సంగతి నాకూ తెలుసు. "డోరీన్, నువ్వెళ్ళి ఎత్తు" అంటే చిటికెలో అయిపోయేది. ఎందుకనలేదు? అడుగుదామని నోటిదాకా వస్తుంది, మింగేస్తాను. ఒకవేళ నడవగలననే నమ్మకంతోనే లేచిందేమో, అదే చెబితే నేను సాక్షిగా ఏం రాయాలి?

ఆఫీసు మనిషి వచ్చే ముందు రోజు మధ్యాహ్నం, టీ పోస్తూ మెల్లిగా అన్నాను. "నువ్వే ఎందుకు లేచావని అడిగితే, అప్పుడు డోరీన్ నిద్రలో ఉందని చెప్పు. లేపడానికి టైము లేదని చెప్పు."

గ్లెనిస్ నవ్వింది. "నువ్వు నిద్రపోయావంటే ఈ ఊళ్ళో ఎవరు నమ్ముతారు? నీ కిటికీ తెర ఏ రోజైనా కదలకుండా ఉందా?"

వచ్చినమ్మాయి పేరు నస్రీన్. బక్కపలచగా, పెద్ద ఫైలుతో. బిస్కెట్లు వద్దంది, తర్వాత రెండు తింది. కాగితాలు తిప్పింది, డాక్టరు రాసింది చదివింది, విమానంవాళ్ళ ఫారంలో పది అడుగులు అని ఉండటం చూసింది. పదకొండు మెట్లూ, ఎనిమిది అడుగులూ, మూడు రోజులూ నేను చెప్పినవి రాసుకుంది. గ్లెనిస్ వేళ్ళు కుర్చీ చెయ్యి మీద ఆగకుండా కొట్టుకుంటూనే ఉన్నాయి.

అప్పుడు నస్రీన్ పెన్ను పక్కన పెట్టింది. "ఒక్కటి అర్థం కాలేదు మిసెస్ ఎంట్విసిల్. పక్కనే డోరీన్ గారున్నారు. ఆవిడ నడవగలరు. ఆవిణ్ణి పంపొచ్చు కదా. మీరెందుకు లేచారు?"

నేను అడగలేని ప్రశ్న ఆ పిల్ల అడిగేసింది.

ఏమైందో ముందే చెప్పేస్తాను, మీరూ నాలా గోళ్ళు కొరుక్కోకుండా. తర్వాతి సోమవారం ఇంకో కవరొచ్చింది, బండి గ్లెనిస్ దగ్గరే ఉంటుందని. దాన్ని నేను పదిహేడో నంబరు గేటు దగ్గర నిలబడి గట్టిగా, రెండు సార్లు చదివాను. తెర కదిలింది, తలుపు తెరుచుకోలేదు. ఇవాళ పొద్దున ఏడింటికి కూడా ఎర్ర స్కూటర్ మార్కెట్టు వైపు పోయింది. పాల కొట్టు ముందు ఆవిడ లేచి రెండు అడుగులు వేసింది. చూసినవాళ్ళు చూడండి.

కానీ ఆ ఉత్తరం కన్నా నేను మీకు చెప్పాలనుకున్నది ఆ రోజు గ్లెనిస్ అన్న మాట. నస్రీన్ అడగ్గానే ఆవిడ వేళ్ళు ఆగాయి. నేనెరిగినన్నాళ్ళలో మొదటిసారి.

"బండి ఆగిపోయింది. బ్రేకు వేసింది నేనే. లేచి దిగాను" అంది. "కాళ్ళ సంగతి అప్పుడు గుర్తే లేదమ్మా. పదకొండో మెట్టు మీద గుర్తొచ్చింది."